డానియేలు నిద్రపోలేదు

పదేళ్లు దాటింది. ఒక మాటను గొంతులో పెట్టుకుని బతుకుతున్నాను. మింగుడుపడదు, బయటికి రాదు. మీరెవరో నాకు తెలియదు. నేనెవరో మీకు తెలియనక్కర్లేదు. తెలిసినవాళ్లకు చెబితే ఓదారుస్తారు. పోనిద్దురూ, ఎప్పటి సంగతో అంటారు. ఆ మాట తలుచుకుంటేనే నాకు ఒళ్లు మండిపోతుంది. పోనివ్వడానికి పోయింది నా కాలు కాదు.

మాది మామిడికుదురు దగ్గర ఒక ఊరు. నేను బడిలో టీచరుని. మా ఆయన కొన్నేళ్లు కువైట్‌లో లారీలు బాగుచేసి, డెబ్బైల చివర్లో తిరిగి వచ్చారు. అక్కడ ఎడారిలో తెల్లవాళ్లు వ్యానులోనే వండుకుని, వ్యానులోనే పడుకోవడం చూశారట. ఆ పిచ్చి తలకెక్కించుకుని వచ్చారు. ఒక పాత పెట్రోలు వ్యాను కొన్నారు. రావులపాలెంలో వడ్రంగుల చేత లోపల రెండు మడతమంచాలు, గిన్నెలకు ఒక అర, కిరసనాయిలు స్టవ్వుకు చెక్క గూడు, కప్పు మీద నీళ్ల డ్రమ్ము పెట్టించారు. ఊళ్లో దానికి ఇల్లుబండి అని పేరు పెట్టారు. లాడ్జి ఖర్చు లేదు, హోటలు ఖర్చు లేదు, దేశమంతా ఊరికే తిరిగి రావచ్చు అని మా ఆయన కనబడ్డవాళ్లందరికీ చెప్పేవారు.

ఊరికేనట!

బండి ఇల్లయితే ఇంటి బరువంతా అదే మోయాలి కదా. బియ్యం, పచ్చడి జాడీలు, పరుపులు, పైన నిండా నీళ్లు. అన్నీ ఎక్కించింది నేనే. ఆ బరువుకి బండి పెట్రోలు తాగడం మొదలుపెట్టింది. రాజమండ్రి వెళ్లి వచ్చేసరికి అయిన ఖర్చుతో అక్కడ మంచి హోటల్లోనే దిగి ఉండొచ్చు. టైర్లు వేరు, రిపేర్లు వేరు. ఆయనకు ఆ లెక్క చెబితే ముఖం చిన్నబుచ్చుకునేవారు. అందుకని నేను పెట్రోలు పొదుపు మీద పడ్డాను.

బండి తోలేది డానియేలు. మా చర్చి సంఘంవాడే. అంతకుముందు రైసుమిల్లు లారీ తోలేవాడు. మా ఆయనకు నడుం నొప్పి, దూరాలు తోలలేరు. నేను డానియేలు పక్క సీట్లో కూర్చుని కాపలా కాసేదాన్ని. సఖినేటిపల్లి రేవులో బళ్లను ఏరు దాటించే పంటు కోసం ఆగితే ఇంజను ఆపాలి. రైలు గేటు పడితే ఆపాలి. జొన్నాడ వంతెన దిగేటప్పుడు కూడా ఆపి, న్యూట్రల్‌లో వదిలేయాలి. మాది పల్లపు నేల. మాకు తెలిసిన దిగుడంటే వంతెన దిగుడు, ఏటిగట్టు దిగుడు. బండి కాస్త దూరం దొర్లి తనంతట తనే ఆగిపోయేది. డానియేలు నవ్వి ఊరుకునేవాడు.

మా ఆయన పెళ్లిళ్లలో, విందుల్లో ఈ సంగతి చెప్పి నన్ను మెచ్చుకునేవారు. మా ఆవిడ పక్కన కూర్చుంటే బండి గాలితో నడుస్తుందని. అందరూ నవ్వేవారు. నాకు ఎంత గర్వంగా ఉండేదో! లేమి వల్ల చేశానని చెప్పుకోవడానికి కూడా వీల్లేదు. మాకు లోటు లేదు. ఆ మెచ్చుకోలు రుచి మరిగాను. అంతే.

ఒక ఏడాది వేసవి సెలవుల్లో అరకు వెళ్లాం. తిరుగు ప్రయాణంలో భోజనాలు చేసి కొండ మీంచి ఘాటీ రోడ్డు దిగడం మొదలుపెట్టాం. మా ఆయన వెనక మంచం మీద నిద్రపోతున్నారు. ముందు మేమిద్దరమే. రోడ్డు కిందికి పోతూనే ఉంది. ఇంజను ఊరికే మోగుతోందని నాకు కడుపు రగిలింది.

“డానియేలూ, ఇంజను ఆపు. దానంతట అదే దిగుతుంది.”

“ఇక్కడ వద్దండి టీచరుగారు. ఇది మన జొన్నాడ కాదండి. గేర్లో దిగాలండి.”

“వంతెన మీద ఆపావు కదా?”

“ఆపేనండి. అదెంతండి? ఇక్కడ ఇంజనే బండిని ఆపి పట్టుకుంటాదండి. మీకు దణ్ణం పెడతాను, ఈ ఒక్కసారికి వదిలెయ్యండి.”

“పెట్రోలు నీ జేబులోంచి పోతోందా? చెప్పినట్టు చెయ్యి. లేకపోతే ఊరు చేరాక వేరే పని చూసుకో.”

అతను గేరు న్యూట్రల్‌లోకి వేశాడు. ఇంజను మాత్రం ఆపలేదు. నేను చెయ్యి చాచి తాళం తిప్పాను. మళ్లీ వేస్తాడేమోనని తాళం ఊడదీసి పిడికిట్లో పెట్టుకున్నాను.

చప్పుడు ఆగిపోయింది. ఎంత హాయిగా ఉందో! రెండు మలుపులు అలాగే జారాం. మూడో మలుపు దగ్గర కాలిన రబ్బరు వాసన వచ్చింది. డానియేలు బ్రేకు మీద దాదాపు నిలబడ్డాడు. బండి ఆగడం లేదు. గేరు వేయబోతే పడలేదు, కింద పళ్లు నూరినట్టు చప్పుడు. తాళం, తాళం అని అరిచాడు. నా చేతులు వణికి తాళం దూరలేదు. ఎడమ పక్క లోయ. అతను స్టీరింగు కుడికి కోసేసి, తను కూర్చున్న వైపునే కొండకేసి కొట్టాడు.

అటు కొట్టకపోతే ఇది రాయడానికి నేను లేను.

మా ఆయనకు తల చిట్లింది. నాకు చెయ్యి గీరుకుపోయింది. డానియేలు కుడికాలు రేకుల మధ్య నలిగి ఇరుక్కుపోయింది. అమ్మా అమ్మా అని మూలుగుతున్నాడు. అప్పుడు నేను ఏం చేశానో చదవండి. అతని కాలు చూడలేదు. అతని మీదుగా వంగి, తాళం దాని చోట పెట్టాను. ఇప్పుడు నా చెయ్యి వణకలేదు. ఇప్పుడు చక్కగా దూరింది.

పైనుంచి వస్తున్న జీపువాళ్లు ఆగి, ఏమైందమ్మా అని అడిగారు. “నిద్రపోయాడండీ,” అన్నాను. ఆ మాట ఎక్కడి నుంచి వచ్చింది? అంత తయారుగా నాలో ఎప్పుడు కూర్చుంది? ఎన్నిసార్లో తవ్వి చూసుకున్నాను. భయం అని పేరు పెడదామంటే, భయపడ్డ మనిషి అంత జాగ్రత్తగా తాళం పెడుతుందా?

డానియేలు నిజమే చెప్పాడు. ఆస్పత్రిలో, కాలు మోకాలి పైదాకా తీసేశాక, మా ఆయనతో చెప్పాడు. మా ఆయన నా వైపు చూశారు. నేను అబద్ధమన్నాను. ఉప్పు తిన్న ఇంటి ఆడమనిషి మీద నింద వేస్తావా అని ఆయన అతన్ని తిట్టారు. మంచం మీద ఉన్న మనిషిని! పోలీసులతోనూ అతను అదే చెప్పాడు. టీచరుగారిని నమ్మారు, డ్రైవరుని నమ్మలేదు. లైసెన్సు పోయింది. ఆస్పత్రి ఖర్చు మా ఆయన కట్టారు. ఎంత మంచివాళ్లు అని ఊరంతా మమ్మల్ని పొగిడింది. అబద్ధం చెప్పిన నన్ను ఒక్కరంటే ఒక్కరు నిలదీయలేదు. చదువు, చీర, గుడిలో ముందు వరుస, ఇవి ఉంటే చాలా? ఆ ఊరి మీద నాకు ఎంత కోపమో! నా తప్పుకి ఊరిని తిట్టడం ఏమిటని మీరు అడగొచ్చు. అడగండి. నా మీద కోపం చాలనప్పుడు వాళ్ల మీద పడతాను.

ఇంకా ఉంది. అసలు మోయలేనిది ఇదే.

అతను సంఘంలో నలుగురి దగ్గరా నిజం చెబుతున్నాడని పాస్టరుగారికి తెలిసింది. నా మీద చాడీలు చెబుతున్నాడని ఆయన అనుకున్నారు. రాజీపడితే గాని బల్లలో చెయ్యి వేయడానికి, అంటే ప్రభువు రొట్టె, ద్రాక్షరసం తీసుకోవడానికి వీల్లేదని అతనితో చెప్పారట. డానియేలు భార్య సారమ్మకు, పిల్లలకు ఆ సంఘమే ఆసరా. ఒక ఆదివారం ఆరాధన అయ్యాక డానియేలు చంకకర్రల మీద ముందుకు వచ్చాడు. అందరూ చూస్తున్నారు. “టీచరుగారండీ, తప్పయిపోయిందండి. క్షమించండి,” అన్నాడు. నా కళ్లలోకి చూసే అన్నాడు.

నేను లేచి నిలబడ్డాను. క్షమించానన్నాను.

ఎవరో ఆమెన్ అన్నారు. ఎవరో కళ్లు తుడుచుకున్నారు. బయటికి వచ్చాక ఆడవాళ్లు నా చేతులు పట్టుకుని, నీది ఎంత పెద్ద మనసమ్మా అన్నారు. ఆ చేతులు విదిలించుకుని అరవాల్సింది. అరవలేదు. ఇంటికి వెళ్లి చేపల పులుసు కాచాను. మా ఆయన బాగుందన్నారు.

ఇల్లుబండిని తుక్కు కింద అమ్మేశాం. డానియేలు అన్నట్టు ఇంజను ఆపినా ఆ ఘాటీ దిగుడులో మిగిలే పెట్రోలు ఎంతని ఆయన మాటల్లో ఒకసారి చెప్పారు. చెంబుడు కూడా కాదట.

డానియేలు ఇంటి ముందు కూర్చుని కొబ్బరిపీచు తాడు పేనుతూ బతికాడు. బడికి వెళ్లే దారి అదే. నేను చుట్టూ తిరిగి కాలవగట్టు మీదుగా వెళ్లేదాన్ని. పోయిన వర్షాకాలంలో చనిపోయాడు. సమాధి దగ్గరికి వెళ్లాను, ముందు వరుసలోనే నిలబడ్డాను. అప్పుడూ నిజం చెప్పలేదు.

నెల్లాళ్లయ్యాక సారమ్మ దగ్గరికి వెళ్లి అంతా చెప్పాను. తాళం సంగతి కూడా. ఆమె పీచు దులుపుతోంది. చెయ్యి ఆపలేదు. నన్ను కూర్చోమనలేదు.

“మా ఆయన చెప్పేరండి. నాకు తెలీంది ఏముందండి ఇందులో?” అంది. మళ్లీ తనే అంది: “గుడిలో ఆయన నిలబడ్డ రోజున చెప్పాల్సిందండి. ఇప్పుడు తెచ్చి నాకిస్తే నేనేం చేసుకోనండి? వెళ్లి రండి.”

తిడితే బాగుండేది. తిట్టలేదు. ఆమె తీసుకోను పొమ్మన్నది పట్టుకుని ఇంటికి వచ్చాను. మా ఆయనకు నిన్న చెప్పాను. ఆయన పడక్కుర్చీలోంచి లేచి వీధిలోకి వెళ్లిపోయారు. రాత్రి తిరిగొచ్చి అన్నం తినకుండానే పడుకున్నారు. వచ్చే ఆదివారం ఆరాధన అయ్యాక నేను లేచి నిలబడతానని పాస్టరుగారికి కబురు పంపాను. ఎందుకమ్మా ఇప్పుడు, సంఘం పరువు పోతుంది అని తిరుగు కబురు వచ్చింది. ఆయన ఒప్పుకోకపోయినా నిలబడతాను. నన్ను క్షమించమని మాత్రం ఎవరినీ అడగను. ఆ మాటను నేను పాడు చేశాను, అది నా నోటికి ఇక తగదు.

బరువు దిగిందా అంటే, లేదు. కోపం తగ్గిందా అంటే, అదీ లేదు. కానీ ఇన్నేళ్ల తర్వాత ఇవాళ మొదటిసారి గొంతులో ఏదీ అడ్డం లేకుండా మంచినీళ్లు తాగాను.