మైనస్ ఎనభై

"ఎంత పెట్టినవ్, సైదమ్మా?"

"మైనస్ ఎనభై, సార్."

"చాలు. ఇంక దించకు."

మిర్యాలగూడ దవాఖానలో ప్రకాశం సారూ నేనూ ఆఖరుగా అనుకున్న మాటలు ఇవే. ఈ పొద్దున మా సందులోంచి చీరల ప్రచారం ఆటో పోయింది. మైకులో ఎవరిదో సన్నని గొంతు, దాని వెనక హోరుమని గాలి మోత. ఆ మోత చెవిన పడగానే తోముతున్న గిన్నె పక్కన పెట్టి, మేనకోడలు రేణుకను కూర్చోబెట్టి రాయమన్నాను. నాకు అంకెలు వచ్చు, సంతకం వచ్చు, అంతకు మించి రాదు. సార్ పని నమ్మలేమని కోదాడలో ఇప్పటికీ అంటున్నారట. ఆ మాట పోవాలనే ఈ రాయించడం.

నా మనిషి పోయాక సూర్యాపేట వీధుల్లో అరిచి అరిచి కూరగాయలు అమ్మాను. గొంతు బొంగురుపోయి అట్లాగే నిలిచిపోయింది. సార్ మా వీధి చివర ఒక గదిలో ఆటోలకు మైకు ప్రచారాలు రికార్డు చేసేవాడు. ఒకరోజు వంకాయలు తూయించుకుంటూ, నీ గొంతు నాకు కావాలన్నాడు.

"గీ గొంతేం జేసుకుంటరు సార్? పిల్లగాండ్లు జడుసుకుంటరు."

"జడుసుకున్నా ఇంటరు గద. నాకు గదే కావాలె."

కాగితం చదవలేనంటే ఆయనే ఒక్కో ముక్క చదివేవాడు. నేను వెనకే అనేదాన్ని. అట్లా తోపుడుబండి మానేశాను.

సార్ దగ్గర ఉన్నది ఒక చిన్న పాత ల్యాప్‌టాప్. ఎండాకాలం వేడెక్కితే లోపలి ఫ్యాను గిర్రుమని తిరిగేది, ఆ మోత నా మాట వెనక పడేది. ఆయన అందులో ఒక సాఫ్ట్‌వేర్ వేసుకొని, లోపలి చిప్పుకు అందే వోల్టేజీని కొంచెం తగ్గించేవాడు. వేడి తగ్గితే ఫ్యాను నిదానించేది. తెర మీద అంకె మైనస్ వైపు పది దించడం, అరగంట పని చేయించి చూడడం, మళ్లీ పది దించడం. మైనస్ నూటపది దగ్గర తెర బిగుసుకుపోతే, వెనక్కి వచ్చి ఎనభై దగ్గర నిలిపాడు. ఆ నంబరు దానంతటదే పడేలా మాత్రం పెట్టలేదు, రోజూ పొద్దున చేత్తో పెట్టాల్సిందే. "ఎప్పుడన్నా బిగుసుకుపోతే, బంద్ జేసి మళ్ల ఆన్ జేస్తే దాని బలం దానికొస్తది" అనేవాడు. కొన్నాళ్లకు ఆ పని నాకు అప్పగించాడు. బడి గడప తొక్కని నా చేతికి ఒక యంత్రాన్ని నమ్మి ఇచ్చిన మనిషి ఆయన ఒక్కడే.

కోదాడ నుంచి చీరల దుకాణం ఆయన వచ్చిన రోజు ఎండ మండిపోతోంది. ఎనభై పెట్టినా ఫ్యాను సన్నగా వినిపిస్తూనే ఉంది. "ఈ హోరు పడితే నాకొద్దండీ మాస్టారూ. ఫోన్లో మిషను గొంతులు బోలెడున్నాయి" అన్నాడాయన. ఇక నా పని పోతుందనుకున్నాను. సార్ టీ చెప్పడానికి బయటికి పోగానే, ఒక్కసారే మైనస్ వందకు దించాను. ఫ్యాను చప్పుడు ఆగింది. అరగంట చూడాలన్న మాట గుర్తుంది, కానీ ఆగలేదు. సార్ తిరిగొచ్చి చదువుతుంటే అన్ని ముక్కలూ చెప్పుకుంటూ వచ్చాక, చివరి ముక్క దగ్గర తెర బిగుసుకుపోయింది. చెప్పిందంతా పోయింది. తెర మూలన వంద అంకె అట్లాగే నిలిచి ఉంది. సార్ దాన్ని చూశాడు, నన్ను చూశాడు.

"తప్పు నాదండీ. నేనే ఎక్కువ దించిన" అన్నాడు సార్, దుకాణం ఆయనతో.

"ఇన్నేళ్ల పనివాళ్లు, మీరే ఇలా చేస్తే ఎలాగండీ?" అని ఆయన లేచి వెళ్లిపోయాడు. తర్వాత కోదాడ నుంచి ఒక్క పనీ రాలేదు.

నేను సంచి సర్దుకున్నాను.

"యాడికి?"

"ఇంటికి సార్. ఇగ నన్నెందుకు ఉంచుకుంటరు?"

"రేపు జల్ది రా. నంబరు నువ్వే పెట్టాలె."

అంతే. మళ్లీ ఆ సంగతి ఆయన ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. కోదాడ పోయి నిజం చెప్పి రావాలని బస్టాండు దాకా పోయి తిరిగొచ్చిన రోజులున్నాయి. పని పోతుందన్న భయం. ఆ భయం తగ్గేసరికి సార్ లేడు. ఆయన భార్య ల్యాప్‌టాప్ తెచ్చి నాకే ఇచ్చింది. ఆయన నేర్పిన పనితోనే బతుకుతున్నాను, ఆయన మీద పడ్డ మాటను మాత్రం తుడవలేదు. ఒళ్లు అలసిపోయింది. ఇంకా మోయలేను.

రేణుకా, వందకు దించింది సైదమ్మ అని రాసినవా? సార్ అని పడలేదు గద? ఆ ముక్క జర సదువు బిడ్డా.