సున్నం వేలు

కరీంనగర్‌లో కాలేజీ మైదానం ఎదుట బుచ్చిరాములు పాన్ డబ్బా. ఆకుకు సున్నం రాసిన వేలును డబ్బా గుంజకు తుడుస్తాడు. ఆ గుంజ ఎప్పుడో తెల్లబడింది. ఆ మైదానంలో హాకీ నేర్పే సారు పిల్లలను కర్రతో చితకబాదుతున్నాడని బయటపడ్డప్పుడు, ఊరు రెండుగా చీలి ఆ డబ్బా దగ్గరే వాదించుకుంది. "గా సారును జైల్ల ఎయ్యాలె" అన్నవాళ్లకూ, "జర నొప్పైతెనే ఆటొస్తది" అన్నవాళ్లకూ బుచ్చిరాములు "గంతే గద" అంటూనే పాన్ చుట్టి ఇచ్చాడు. ఒక మధ్యాహ్నం సారే వచ్చి ఆ నొప్పి మాటే అన్నాడు. "గంతే గద సారూ," అని బుచ్చిరాములు సున్నంలో వేలు నిండా ముంచి, అంతా ఆకుకే రాశాడు. గుంజకు తుడవడానికి ఏమీ మిగల్లేదు. రెండుసార్లు నమలగానే సారు నోరు పట్టుకున్నాడు. "జర మండితెనే రుచొస్తది సారూ," అన్నాడు బుచ్చిరాములు నెమ్మదిగా. ఆ సాయంత్రం పిల్లలు సారు ఈల లేకుండానే ఆడుకున్నారు.