యాదన్న రాతకు నేను చేసిన సాయం

ఆ ఆదివారం పొద్దున మొయినాబాద్ ఫంక్షన్ హాలు పై అంతస్తులో ఉన్నవి, ఉన్నవాళ్ళు: కుర్చీలు అరవై, వాటిలో మనుషులు పందొమ్మిది మంది. ప్రొజెక్టర్ ఒకటి. శాలువా ఒకటి. సమోసాలు నూట ఇరవై. ముందు వరుసలో, ఇస్త్రీ చొక్కా వేసుకుని, గోళ్ళ సందుల్లో ఎర్ర రంగుతో, చేవెళ్ళలో బోర్డులు రాసే యాదన్న. పక్కన ఆయన భార్య సుగుణక్క. చివరి వరుసలో చేతికొక సమోసాతో ఫ్లెక్సీ దుకాణం శ్రీను సేటు. స్టేజీ మీద మైకు పట్టుకుని నేను.

ఈ జాబితాలో ప్రమాదకరమైనది ఒక్కటే. ఫ్లెక్సీ సేటు అనుకుంటున్నారు కదా? కాదు, మైకు పట్టుకున్నవాడు. ఒక మనిషి బతుకుదెరువును శాలువా కప్పి మరీ ఎలా ముంచవచ్చో చెప్తాను.

మాది చేవెళ్ళ దగ్గర ముడిమ్యాల. కంప్యూటర్ చదువు చదివి, గండిపేట దగ్గర ఆఫీసులో పనిచేస్తున్నాను. పళ్ళు తోముకోవడానికి కూడా పట్టిక గీసుకునే రకం. యాదన్న పాతికేళ్ళుగా దుకాణాల మీద, ట్రాక్టర్ ట్రాలీల మీద, బడి గోడల మీద రాస్తున్నాడు. ఆయన రాసిన ‘ళ’ చూస్తే ముడుచుకుని పడుకున్న పిల్లిలా ఉంటుంది, లేపబుద్ధి కాదు. ఊరినిండా ఫ్లెక్సీలు వచ్చినా ఆయనకు పని తగ్గలేదు. ఆ అక్షరం ఆయన దగ్గర తప్ప ఎక్కడా దొరకదు మరి.

ఈ చివరి వాక్యం ఇంకోసారి చదవండి. అప్పట్లో నేను చదవలేదు.

స్థానిక కళాకారులు బాగుంటే ఊరి ఆదాయం పెరుగుతుందని ఆఫీసులో ఎవరో చెప్పగా విని, ఆ రోజే ఒక పట్టిక గీశాను. సమస్య: యాదన్న అక్షరం చేవెళ్ళ దాటడం లేదు. పరిష్కారం: ఫాంటు. కంప్యూటర్లో ఎక్కించుకుంటే చాలు, ఎవరు టైపు చేసినా యాదన్న రాతే వస్తుంది. లాభం: కీర్తి. నష్టం: ఆ గడి ఖాళీగా వదిలేశాను. ఖాళీ గడి అంటే సున్నా అని నా చదువు.

“అన్నా, నీ అక్షరాలన్నీ ఒక్కొక్కటి కాయితం మీద రాసియ్యాలె,” అని అడిగాను.

“అన్ని అంటే ఎన్ని తమ్మీ?”

“గుణింతాలు, వత్తులు కలిపి ఆరు వందల పైన.”

“వామ్మో! ఇన్నేండ్ల సంది రాస్తున్న, ఎన్నడు లెక్కవెట్టలే. ఏం జేస్తవు వీటితోని?”

“దునియాల ఎవలైనా నీ రాతతోని రాసుకుంటరు.”

ఆయన బ్రష్షు వంక చూసుకున్నాడు. “మంచిదే. గంత దూరం నేనెట్ల పోత? అక్షరమన్న పోనీ.”

పన్నెండు రోజులు వేరే పని ఒప్పుకోకుండా రాశాడు. తొమ్మిదో రోజు అటక మీది కాయితాలు దించుతుంటే నిచ్చెన జారి మణికట్టు బెణికింది. నా పట్టికలో ఆ రోజు వంతు ‘ల’.

“రెండు రోజులాగి రాస్త తమ్మీ. చెయ్యి వొణుకుతున్నది.”

“టైమ్‌టేబుల్ ఉన్నదన్నా.”

దవాఖానలో కట్టిన కట్టుతోనే రాశాడు. ‘ల’ ఎడమవైపుకు ఒరిగి, కాలు బెణికిన మనిషిలా నిలబడింది. సరిచేద్దామా అని అడిగాడు. “వద్దన్నా, గిదే ఒరిజినల్,” అన్నాను. తెలివి కదా.

ఆ కాయితాలన్నిటినీ ఫాంటుగా మార్చి ఇంటర్నెట్లో పెట్టాను. ఇక దాని విడుదలకు ఫంక్షన్ హాలు. శాలువా కప్పాం. సుగుణక్క కళ్ళు తుడుచుకుంది. ఎవరైనా ప్రశ్నలు అడగవచ్చు అన్నాను. సేటు ఒక్కడే లేచాడు.

“ఫ్రీయేనా చిన్న పటేలా?”

“పూర్తిగా ఫ్రీ సేటూ! అందరికి పంచుండ్రి!”

“ఎవల్నన్న అడగాల్నా?”

“ఎవల్నీ అడిగే పని లేదు!”

చప్పట్లు అందరికంటే గట్టిగా కొట్టింది సేటే. నేను పొంగిపోయాను.

మూడు నెలల తర్వాత బైకు మీద చేవెళ్ళకు బయల్దేరాను. మొయినాబాద్ దాటిన దగ్గర్నుంచి యాదన్నే యాదన్న! టిఫిన్ సెంటర్ మీద, ప్లాట్ల బోర్డుల మీద, లీడర్ల పుట్టినరోజు ఫ్లెక్సీల మీద, చనిపోయినవాళ్ళ ఫొటోల కింద. హెల్మెట్‌లోనే ఈల వేసుకుంటూ పోయి ఆయన దుకాణం ముందు ఆగాను.

“అన్నా, చూసినవా? రోడ్డంత నువ్వే!”

స్టూలు మీద కూర్చున్న యాదన్న నవ్వాడు. వెనక డబ్బాలో బ్రష్షులు ఎండి కట్టెల్లా ఉన్నాయి.

“రోడ్డంత నేనే తమ్మీ. దుకాణంల పనే లేదు. మొన్న కిరాణం ఆయన వచ్చి, ‘యాదన్నా, ఫ్లెక్సీ మీద నీ అక్షరమే ఏపిచ్చిన, సేటు ఒక్క గంటల తీసిచ్చిండు’ అని మిఠాయి ఇచ్చిండు. ఏమంట? తిన్న.”

నేను హెల్మెట్ తీసి చేతిలో పట్టుకున్నాను.

“బాధ గదిగాదు,” అన్నాడు ఆయన ఎదుటి ఫ్లెక్సీ వైపు చూపిస్తూ. “నా చెయ్యి ఎప్పుడో బాగైంది. ఆ ‘ల’ ఇంకా కుంటుతనే ఉన్నది.”

సుగుణక్క లోపల్నుంచి చాయ్ తెచ్చి పెట్టింది. “ఇంకెవలకన్న సాయం జేస్తున్నవా తమ్మీ?”

“లేదక్కా.”

“మంచిగ జేస్తున్నవ్.”

ఆ చాయ్ తాగడానికి పట్టినంత సేపు నా ఇంజనీరింగ్‌కు కూడా పట్టలేదు. ఆ రోజే ఫాంటును ఇంటర్నెట్ నుంచి తీసేశాను. సేటు దగ్గరికి పోయి బతిమాలాను.

“నువ్వు తీసేస్తే ఏమాయె? పెన్‌డ్రైవ్‌ల ఉన్నది. శంకర్‌పల్లి దాక అందరికి ఇచ్చిన. పంచుమన్నది నువ్వే గద పటేలా!” ఆయన ముఖంలో మోసం లేదు. నా మాట నిలబెట్టిన మనిషి ఆయనొక్కడే.

ఇప్పుడు యాదన్న ఆ సేటు దగ్గరే పనిచేస్తున్నాడు. ఫ్లెక్సీలు కట్టే పని. అదే నిచ్చెన ఎక్కి, తన అక్షరాలను తానే తాడుతో స్తంభాలకు బిగిస్తాడు. మొన్న నేను కింద నిలబడి నిచ్చెన పట్టుకున్నాను. “జర గట్టిగ పట్టు తమ్మీ. ఈసారి జారితే రాయనీకి ఏం లేదు,” అని నవ్వాడు. నేను రెండో చెయ్యి కూడా వేశాను.

అందుచేత కుడిచెయ్యి కీబోర్డు మీద పెట్టి ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట ఏ కళాకారుణ్ణీ ఉద్ధరించను. మరీ మనసాగకపోతే ముందుగా ఆయనతో ఒక బోర్డు రాయించుకుంటాను. పన్నెండు రోజులు యాదన్న ముందు కూర్చుని కూడా ఆ ఒక్క పని చేయించుకోవాలని నాకు తోచలేదు.

నిన్న ఆయన దుకాణం షట్టర్ మీద ‘కిరాయికి కలదు’ అని కనిపించింది. దగ్గరికి పోయి వేలితో తాకాను. రంగు ఇంకా తడిగా ఉంది. బ్రష్షుతో రాసినదే.

వెనక్కి వచ్చేటప్పుడు ఆ షట్టర్‌తో మొదలుపెట్టి మొయినాబాద్ దాకా లెక్కపెట్టాను. యాదన్న రాతలో ‘ల’ ఉన్న కొత్త బోర్డులు నూట పదిహేడు. కుంటుతున్నవి నూట పదహారు. నిటారుగా నిలబడ్డది ఒకటి.