బావ జీపూ, అక్క మోకాళ్లూ

మా బావ పోయాడు. వనపర్తి దవాఖానలో, తెల్లవారే వేళ, చాయ్ తెమ్మని నన్ను పంపి, నేను గ్లాసు పట్టుకొని వచ్చేలోపలే. ఆ చాయ్ ఏం చేయాలో తెలియక చాలాసేపు చేతిలోనే పట్టుకొని నిలబడ్డాను.

బావంటే మా అక్క భర్త. గద్వాలలో మగ్గం వదిలి, గోపాల్‌పేటలో కాపురం పెట్టి, వనపర్తికి జీపు నడిపిన మనిషి. ఆ జీపు ఎక్కినవాళ్లు మీలో ఉంటే దారిలోని చడావు గుర్తుండే ఉంటుంది. ఆ ఎత్తు మొదట్లోనే నిండు జీపు రొప్పేది. "జర దిగుండ్రయ్యా, గుర్రం అలిసింది" అనేవాడు బావ. అందరూ దిగి నడిచేవారు. మోకాళ్ల నొప్పులతో అక్క కూడా.

ఒకసారి సంత నుంచి వస్తుంటే ఎవరో "జీపూ నీదే, నడుసుడూ నీదేనా అక్కా?" అని నవ్వారు. అక్కా నవ్వింది. బావ నవ్వలేదు.

కొన్నాళ్లకే పాత లారీ సామాన్లలోంచి ఒక టర్బో తెచ్చి బిగించాడు. నాకు బడి చదువు లేదు. మిర్చి బజ్జీలు కట్టిచ్చిన కాగితాల మీద నేర్చుకున్న అక్షరాలు నావి. అందుకని నా లెక్కలో చెబుతాను. ఇంజను వదిలే పొగతోనే పంకా తిప్పి, ఆ ఊపుతో ఇంజనులోకి గాలి దట్టించే యంత్రం అది. కమ్మరి కొలిమికి తిత్తి ఎట్లనో, ఇంజనుకు ఇది అట్లా.

బలం మాత్రం రాలేదు. నల్లపొగ వచ్చింది. చడావు కాడ మళ్లీ అందరం దిగాం.

"దాన్ని గూట్లె పెట్టి దీపం ముట్టియ్యి" అంది అక్క.

"నీ మోకాళ్ల కోసమేనే తెచ్చింది."

"నా మోకాళ్లు నిన్ను అడిగినయా?"

బావ ఫిల్టరు దులిపాడు, డీజిల్ పంపు విప్పించాడు, పొగగొట్టం కడిగాడు. టర్బోనే మారుద్దామన్నాను నేను. "ఆగు, పంచరు చూసినట్టు చూద్దాం" అన్నాడు. నేను యాక్సిలరేటర్ తొక్కి పట్టుకుంటే, టర్బో నుంచి ఇంజనుకు గాలి పోయే రబ్బరు గొట్టం పొడుగునా సబ్బునురగ పూశాడు. ఒక్కచోట బుడగలు లేచాయి.

ఆ అతుకు బావ సొంతపని. గొట్టం కాస్త వదులైతే, నేతగాడి అలవాటు కొద్దీ పట్టుదారం బిగించి చుట్టి, గంజి పట్టించాడు. చూడముచ్చటగా ఉండేది. అందుకే అన్నీ విప్పాడు గానీ దాన్ని ముట్టలేదు. వేడికి గంజి పెళుసెక్కి, దట్టించిన గాలంతా అక్కడే పోతోంది.

"గద్వాల చీరకు పనికొచ్చింది, జీపుకెందుకు రాదనుకున్న" అన్నాడు. ఆ దారం విప్పుతూ, "తప్పు ఎతికేటప్పుడు మన చేతిపని కాడికెల్లే షురూ చెయ్యాలె బామ్మర్దీ. మనమేమో దాన్నే ఆఖరుకు చూస్తం" అన్నాడు. ఇది నేను జీపులకే కాదు, నాకూ వాడుకుంటున్నాను.

సరైన గొట్టం తెచ్చి ఇనుప పట్టీలు బిగించాడు. ఖాళీ జీపు చడావును మేకపిల్లలా ఎక్కేసింది. నేను చప్పట్లు కొడితే కసురుకున్నాడు.

"ఖాళీగ ఎక్కితే ఏమాయె? సంతనాడు నిండుగ ఎక్కాలె. మీ అక్క ముందు సీట్ల కూసోవాలె. దిగొద్దు."

సంత రాకముందే ఛాతీలో నొప్పి వచ్చింది.

దవాఖాన నుంచి ఆయనను ఆ జీపులోనే తెచ్చాం. స్టీరింగు నా చేతిలో ఉంది. వెనక బావ, చుట్టూ అయినవాళ్లు, వేలాడుతూ ఇంకొందరు. ఆ జీపు అంత నిండుగా ఎన్నడూ లేదు. ముందు కూర్చోమంటే అక్క వినలేదు. బావ తల ఒళ్లో పెట్టుకొని వెనకే కూర్చుంది. ఆమె కోసం వదిలిన ఆ సీట్లో ఇంకెవరూ కూర్చోలేదు.

చడావు వచ్చింది. అలవాటు కొద్దీ వెనక అందరూ కదిలారు. దిగడానికి అక్క చెయ్యి కుచ్చిళ్ల మీదికి పోయింది. జీపు రొప్పలేదు. ఒక్క తీరుగా మోగుతూ ఎక్కుతూనే పోయింది. ఎవరూ దిగలేదు.

పైకి వచ్చాక అద్దంలో చూశాను. అక్క పిడికిట్లో కుచ్చిళ్లు ఇంకా అట్లాగే ఉన్నాయి. నా పక్కన ముందు సీటు, ఖాళీగా, దారి గతుకులకు ఊగుతోంది.