టీ డబ్బులంటే అలిగిన సైకా అన్న

నా చిన్నప్పుడు, రంగూన్‌లో అల్లర్లని రేడియో అన్నా ఉద్యమమని నేననే ఆ గొడవల్ని సైన్యం అణిచేసి, వీధికో అడ్డుకట్ట వేసిన రోజుల్లో, విశాఖపట్నం నుంచి మా అమ్మమ్మ అక్కగారి కొడుకు చుట్టపుచూపుగా వచ్చాడు. బయటి దేశం మనిషి మా మింగళ తౌంగ్‌న్యున్ పేటలో కనబడటమే అప్పుడు వింత. వీసా కొద్దిరోజులదే. గడువు దాటితే పట్టుకుపోతారని మావయ్యకంటే మేమే ఎక్కువ హడలిపోయేవాళ్లం.

తీరా ప్రయాణం రోజు పొద్దున్న, విమానాశ్రయం బస్సు దాకా తీసుకెళ్లాల్సిన సైకా అన్న రానన్నాడు. సైకా అంటే పక్కన సీటుండే మా ఊరి సైకిల్ రిక్షా. ఏ సందులో సిపాయిలు లేరో ఎరిగినవాడు అతనే. స్టాండులో మిగతావాళ్లూ మొహాలు తిప్పుకున్నారు.

అమ్మమ్మ మావయ్యని నిలదీసింది. ముందురోజు సైకా అన్నకి బాడుగ పైన ఇంకో నోటు చేతిలో పెట్టి, టీకొట్లో నేర్చుకున్న బర్మా ముక్కలు అతికించి, “లఫెయే ఫో” అన్నాడట. టీ డబ్బులని.

“ఓరి నాయనా! ఆఫీసరు జేబులో పెట్టేదాన్ని ఇక్కడ అలాగంటార్రా. రెక్కలిరిగేలా తొక్కినోడికి లంచమిత్తావేటి?”

“మా ఊళ్లో టీ తాగమనే కదా పిన్నీ ఇస్తాం!”

“మీ ఊరు మీ ఊళ్లోనే ఉంది. లెగు. పిల్లల చిరుతిండికని, మొంట్ ఫో అను.”

తను రాలేదు, నన్ను తోడు పంపింది. అమ్మమ్మ చూపినట్టే మావయ్య ఎడమచేతి వేళ్లు కుడి మోచేతికి ఆనించి, నోటు చాచి, “మెంతిపో” అన్నాడు. స్టాండంతా గొల్లుమంది. సైకా అన్న నవ్వు ఆపుకోబోయి ఓడిపోయాడు. మాట సరిగ్గా పలికేదాకా మావయ్యతో అనిపించి, అప్పుడు నోటు తీసుకుని పెట్టె ఎక్కించాడు. దారిలో సిపాయి ఆపి ఎవరని అడిగితే, మా చుట్టమేనన్నాడట. మావయ్యకి బస్సు అందింది.

ఇప్పుడు నేను ఏ దేశం వెళ్లినా, పన్నెంత, టిప్పు ఎంత శాతమని మా పిల్లలు ఫోన్లో వెతుకుతారు. వెతకనీ. పన్ను ఎలాగూ బిల్లులోనే వస్తుంది, దానికి నా మర్యాదతో పనిలేదు. ఇష్టంగా ఇచ్చేదాన్ని మాత్రం ఆ ఊళ్లో ఏమంటారో, ఎలా ఇస్తారో ఎవరినైనా అడక్కుండా నేను డబ్బు సంచి విప్పను. తప్పు పలికితే నవ్వుతారంటారు పిల్లలు. నవ్వనివ్వండి! అలా నవ్వినవాళ్లే ఇప్పటిదాకా ప్రతి ఊళ్లోనూ నాకు దారి చూపించారు.