లచ్చవ్వ ట్రాక్టర్ స్టీరింగ్ ఊడదీసిన ఆదివారం

ఇనుమును భూమి లోతుల్లో దాచిపెట్టి, దాన్ని తవ్వి, కరిగించి, పనిముట్టుగా మలిచే తెలివిని మనిషికిచ్చిన దేవునికి స్తోత్రం. ఇన్నేళ్లుగా నా చేతుల కష్టాన్ని ఆశీర్వదించి మా ఇంటికి అన్నం పెడుతున్న ఆయన నామానికే మహిమ.

అది 2023, రబీ పంటకు, మా యాసలో యాసంగికి, నాట్లు పడే కాలం. జగిత్యాలలో ధర్మపురి దారి పక్కన నాకొక ట్రాక్టర్ రిపేరు షెడ్డు ఉంది. ఒక శనివారం పొద్దున కొడిమ్యాల వైపు నుంచి గంగారాం అనే రైతు, ఆయన భార్య లచ్చవ్వ తమ పాత ట్రాక్టర్‌ను నెమ్మదిగా నడుపుకొంటూ వచ్చారు. స్టీరింగ్ ఎంత బిగుసుకుపోయిందంటే, మలుపు వచ్చిన చోటల్లా ఇద్దరూ కలిసి తిప్పారట. వాళ్ల పొలానికి కాలువ నీళ్లు వంతుల మీద వస్తాయి. ఆ వంతు మంగళవారంతో అయిపోతుంది. ఆలోగా దమ్ము చేసి నాటు వేయకపోతే నారు ముదిరిపోతుంది, ఆ యాసంగికి పంట లేనట్టే. ఊళ్లో కిరాయి ట్రాక్టర్లు ఒక్కటీ ఖాళీగా లేవు.

స్టీరింగ్ గేర్ బాక్స్ అంటే మనం తిప్పిన తిప్పుడును ముందు టైర్లకు అందించే పెట్టె. లోపల బేరింగ్ పగిలి ముక్కలు ఇరుక్కున్నాయని చప్పుడును బట్టే తెలిసింది. పెట్టెను పైకి లేపాలంటే ముందు డ్రాప్ ఆర్మ్ ఊడాలి. అదొక లావుపాటి ఇనుప చేయి. పెట్టెలోంచి బయటికి వచ్చే షాఫ్ట్ పళ్ల మీద కూర్చొని, పైన నట్టుతో బిగించి ఉంటుంది.

నట్టు మీది గ్రీజు, మట్టి డీజిల్‌తో కడిగితే కింద రెండు వెల్డింగ్ చుక్కలు బయటపడ్డాయి. నేను గంగారాం వైపు చూశాను. ఆయన టైరు వైపు చూశాడు. లచ్చవ్వే చెప్పింది.

"నట్టు మాటిమాటికి లూజయితుందని ఊళ్లె గేట్లు చేసేటాయనతోని అతికిపిచ్చిండు. ఇగ జన్మల ఊడదని సంబురపడ్డడు."

"ఊడలే గదా మరి," అన్నాడు గంగారాం.

మా వైపు ఊళ్లలో ఇది మామూలే. వదులైనదేదైనా వెల్డింగ్‌తో కుదురుకుంటుందని ఒక నమ్మకం. గ్రైండర్‌తో ఆ చుక్కలు కోసి నట్టు తీశాను. ఆర్మ్ మాత్రం తుప్పుతో షాఫ్ట్‌ను కరుచుకొని ఉంది. పుల్లర్ వేశాను. అది ఆర్మ్‌ను రెండు కొక్కేలతో పట్టుకొని, నడిమి బోల్టుతో షాఫ్ట్‌ను వెనక్కి నెట్టే పనిముట్టు. గ్యాస్ మంట కూడా పెట్టాను. పొద్దుగూకినా కదల్లేదు.

ఆర్మ్‌ను గ్యాస్‌తో కోసేయమని గంగారాం బతిమాలాడు. కోస్తే మంట షాఫ్ట్ పళ్లకు తగులుతుందని చెప్పాను. కొన మీద సుత్తితో కొట్టినా షాఫ్టే చెడుతుంది. ఆ మోడల్ ఎప్పుడో ఆగిపోయింది. దాని షాఫ్ట్ జగిత్యాలలో దొరకదు, కోరుట్లలో దొరకదు, సిరిసిల్ల పాత సామాన్ల కొట్లలోనూ దొరకదు. అది పోతే బండి తుక్కే. పుల్లర్‌ను బిగించే ఉంచి, డీజిల్ పోసి నాననిచ్చి, మళ్లీ వేడి చేయడమొక్కటే దారి. కాని తెల్లవారితే ఆదివారం. బాప్తిస్మం తీసుకున్నప్పటి నుంచి ఆదివారం నేను షెడ్డు తెరవలేదు. సోమవారం రమ్మన్నాను.

గంగారాం ఇంటికి పోదామని లేచాడు. లచ్చవ్వ మాత్రం కొంగు బిగించుకొని నా ముందుకొచ్చింది.

"అన్నా, ఎద్దు గుంతల వడ్డదనుకో. గప్పుడు గూడ రేపు ఆయితారమనే అంటవా?"

ఆమె ఏటేటా వేములవాడ గుడికి పోయి మొక్కు చెల్లించుకునే మనిషి. మా వాక్యం ఆమెకు తెలియదు. విశ్రాంతి దినం గురించి ప్రభువు బైబిల్లో అదే ప్రశ్న మతపెద్దలను అడిగాడనీ, వాళ్ల దగ్గర జవాబు లేకపోయిందనీ సండే స్కూల్ పిల్లలకు నేనే ఎన్నోసార్లు చెప్పాను. నా దగ్గరా లేకపోయింది. పొద్దున్నే రమ్మన్నాను.

మా మందిరం షెడ్డుకు నాలుగిళ్ల అవతలే. ఆరాధనకు రాలేనని పాస్టర్‌గారికి ఫోన్ చేస్తే, "సుత్తి పట్టేముందు ప్రార్థన చేసుకో" అని మాత్రం అన్నారు. చేసుకున్నాను. ఆ దంపతులు చెప్పులు విడిచి పక్కన నిలబడ్డారు.

షాఫ్ట్ కొనకు తడిగుడ్డ చుట్టి, షాఫ్ట్ దూరిన ఆర్మ్ కన్నం చుట్టూ మాత్రమే వేడి చేశాను. కన్నానికి ఒక పక్క పెద్ద సుత్తిని ఆనించి గట్టిగా పట్టుకోవడం గంగారాం పని. రెండో పక్క నుంచి నేను కొట్టాలి. కొట్టినప్పుడల్లా లచ్చవ్వ పుల్లర్ బోల్టును ఇంకాస్త బిగించాలి. మందిరంలో పాటలు మొదలయ్యాయి. పాటలు ముగిసి వాక్యం మొదలైంది. నా చొక్కా తడిసి ముద్దయింది. అప్పుడు ఠప్పున ఒక చప్పుడు. ఆర్మ్, పుల్లర్ రెండూ కలిసి నేల మీద పడ్డాయి. గంగారాం సుత్తిని ఇంకా అలాగే ఎత్తి పట్టుకొని ఉన్నాడు.

లచ్చవ్వ వంగి చూసింది. "పండ్లు మంచిగున్నయా?"

"అన్ని ఉన్నయి చెల్లె," అన్నాను.

పెట్టె దించి, ముక్కలు ఏరి, షెడ్డులో ఉన్నవాటిలో కొలత సరిపోయిన బేరింగ్ వేసి, పొద్దుగూకేలోపు బండి కట్టేశాను. నట్టుకు వెల్డింగ్ బదులు, అది వదులు కాకుండా పట్టి ఉంచే లాక్ వాషర్ వేశాను. సోమవారం వాళ్ల మడిలో దమ్ము నడిచింది. మంగళవారం నీళ్లు ఆగేలోపు నాటు పడింది.

ఆ ఆదివారం బండెక్కేటప్పుడు, మీ దేవునికి ఏమియ్యాలని లచ్చవ్వ అడిగింది. నాట్లకొచ్చే ఆడవాళ్లకు ఒక్క ఆదివారం సెలవిస్తే చాలన్నాను. ఆమె నవ్వింది.

"నాట్ల నడుమ సెలవా? మీ దేవుడు ఎవుసం చెయ్యనట్టున్నడు."

నేనూ నవ్వాను. కాని కాలువలో నీళ్లున్నన్ని రోజులు ఆమెకూ సెలవు లేదని ఆ తర్వాత తట్టింది.

తుప్పు పట్టినదాన్ని తొందరపడి గెలవలేమని ఆ పని నాకు మళ్లీ చెప్పింది. విశ్రాంతి దేవుడిచ్చిన వరమే, అయితే అది నా ఒక్కడికే ఇచ్చింది కాదని కూడా నేర్పింది. అందుకే ఇది చదువుతున్న మీరు ఒక్క నిమిషం నాతో కలిసి తల వంచండి. ఈ పూట కూడా మోకాలి లోతు బురదలో వంగి ఉన్న అక్కచెల్లెళ్ల నడుములకు ఆయన బలమివ్వాలని, వాళ్లకూ వారంలో ఒక రోజు దొరకాలని నాతోపాటు ప్రార్థించండి.