మిల్లీమీటరక్క పెన్సిలు గుర్తు

ఆ ఫర్నిచర్ షెడ్డులో ఆమెను అందరూ మిల్లీమీటరక్క అంటారు. మొదట్లో చాటుగా అనేవాళ్లు, ఆమె నవ్వి ఊరుకోవడంతో ఇప్పుడు ముఖం మీదే అనేస్తున్నారు. పన్నెండేళ్ల కిందట చీపురు పట్టుకుని అక్కడికి వచ్చింది. రంపప్పొట్టు ఊడుస్తూ, పనికిరావని పారేసిన పలకల్ని ఏరి, ఎక్కడ తేడా కొట్టిందో టేపు పెట్టి చూసుకునేది. చూసీ చూసీ చివరికి డ్రిల్లింగ్ మిషన్ దగ్గర కుదురుకుంది. వడ్రంగం చేసే మొగుడు మాత్రం, "మేకు కొట్టని బీరువా కూడా ఓ బీరువానా?" అని ఇప్పటికీ ఎద్దేవా చేస్తాడు. "కొట్టడం చేతకానోళ్లం, కొలుచుకుని బతుకుతాం," అంటుంది ఆమె.

ఆ బీరువాలు విడి పలకలుగా వెళ్లి ఇళ్లలో బిగుసుకుంటాయి. అడ్డపలక చివర చిన్న రంధ్రం, దాని అడుగున గుండ్రటి లాక్. నిలువుపలకకు బిగించిన బోల్టు ఆ రంధ్రంలో దూరాక, లాక్‌ను అరచుట్టు తిప్పితే రెండూ కరుచుకుంటాయి. బయటికి స్క్రూ తల కూడా కనబడదు. కానీ రంధ్రాలన్నీ పలక ముందు అంచు నుంచే కొలవాలి. రంపం కోతలో ఒక్కో పలక మిల్లీమీటరు అటూ ఇటూ అవుతుంది మరి. ఒకదాన్ని ముందు నుంచి, ఇంకోదాన్ని వెనక నుంచి కొలిచారో, తలుపు చచ్చినా మూసుకోదు. అందుకే ఆమె ప్రతి పలక మీదా పెన్సిలుతో ముక్కోణం గీసేది. దాని మొన ఎటుంటే అదే ముందు.

కొత్త సూపర్‌వైజరుకు ఆ గీతలు కంట్లో నలుసయ్యాయి. "సరుకు మీద పిచ్చిగీతలేంటి? తుడిచెయ్," అన్నాడు. చెప్పి చూసింది, చెవికెక్కలేదు. సరేనని తలూపి, గుర్తును అడ్డపలక చివరికి మార్చేసింది. బిగించాక అది నిలువుపలక చాటుకు పోతుంది. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. చెబితే అదీ తుడిపించేవాడు, మహానుభావుడు.

నెల తిరక్కుండా నాలుగు బీరువాలు వెనక్కి వచ్చాయి. తలుపులు పడటం లేదట. సూపర్‌వైజరు అందర్నీ పోగుచేసి, "ఇదిగో, మన మిల్లీమీటరక్క ఘనకార్యం. రేపట్నుంచి ప్యాకింగ్‌కి పోమ్మా," అన్నాడు. ప్యాకింగ్ అంటే అట్టపెట్టెలకు టేపు అంటించడం. పన్నెండేళ్లు పడి నేర్చుకున్న పనిని ఒక్క మాటతో అటకెక్కించేస్తున్నాడు. ఆమెకు ఒళ్లు మండింది.

"విప్పి చూద్దాం సార్. తప్పెవరిదో తెలుస్తుంది."

"పలకలొచ్చి సాక్ష్యం చెబుతాయా?"

"చూద్దాం కదా."

స్క్రూడ్రైవరు తీసుకుని తనే లాకులు తిప్పింది. మూడు బీరువాల అడ్డపలకల చివర్లు శుభ్రంగా ఉన్నాయి. నాలుగోదాని చివర ముక్కోణం ఉంది. మొన వెనక అంచు వైపు చూస్తోంది. గీసింది ఆమే, తప్పుగా గీసింది. గుర్తు సంగతి ఇంకెవరికీ తెలియదు. బొటనవేలితో ఒక్కసారి తుడిస్తే, నాలుగూ నావి కావని దర్జాగా చెప్పొచ్చు.

తుడవలేదు. పలకను అందరికీ కనబడేలా ఎత్తి పట్టుకుంది.

"ఇది నాదే. ముక్కోణం తిరగేసి గీశాను. ఇవాళే కొత్త పలక చేసిస్తాను. నా చేతి మీదుగా పోయిన ప్రతి అడ్డపలక చివరా ఈ గుర్తుంటుంది. ఇంకా ప్యాక్ చెయ్యకుండా గోడకి చేర్చి పెట్టిన నా పలకలు చూసుకోండి. ఆ మూడింటికీ లేదు. నేను సెలవు పెట్టిన రెండ్రోజులూ మిషన్ మీద కూర్చున్నదెవరు సార్?"

ఎవరో అందరికీ తెలుసు. 'ఇదేమన్నా బ్రహ్మవిద్యా' అంటూ చొక్కా చేతులు మడిచి కూర్చున్నది సూపర్‌వైజరే.

"చూశారా, తనే ఒప్పుకుంది," అన్నాడతను గొంతు పెంచి.

"ఒప్పుకున్నాను. నేను తప్పు చేస్తే నాదని తెలియాలనే గుర్తు పెట్టుకున్నా. మీరూ పెట్టుకోండి. అప్పుడు పంపండి నన్ను ప్యాకింగ్‌కి."

బిగింపు పని చేసే పెద్దాయన ఆ మూడు బీరువాల పలకల్నీ మోసుకెళ్లి, సూపర్‌వైజరు బల్ల మీద పెట్టి వచ్చాడు.

ఆమె ప్యాకింగ్ వైపు వెళ్లలేదు. నేరుగా మిషన్ దగ్గరికి వెళ్లి, కొత్త పలక పెట్టుకుని, కొప్పులోంచి పెన్సిలు లాగింది. ఈసారి చివర కాదు, పలక నడిబొడ్డున అరచెయ్యంత ముక్కోణం గీసింది. సూపర్‌వైజరు చూస్తూనే ఉన్నాడు. తుడవమని మాత్రం అనలేదు.